నడక మాది, ధ్యాస ఫోన్లది

మేం నలుగురం పొద్దున్నే హన్మకొండలో భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాళ్లం. నడక పేరుకే. ఒకడికి రీల్స్, ఇంకొకడికి ఆఫీసు కాల్స్. నెలకే ఇద్దరు మానేశారు.

అప్పుడు పద్ధతి మార్చాను. ఆదివారం దారి ఎంచే వంతు ఒక్కొక్కరిది, వాడే ఒక ప్రశ్న తేవాలి. ఫోన్లన్నీ నా సంచిలో. మొదటివారం ఖిలా వరంగల్: "నాలుగు తోరణాలూ అచ్చం ఒకటేనా?" మెడలు పైకెత్తి, పైనున్న రాతి హంసల కింద గంటసేపు వాదించుకున్నాం. మట్టికోట వెంట నడిచొచ్చాక సంచిలోని ఫోన్ చూస్తే ఎనిమిది వేల అడుగులు!

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో మాత్రం స్తంభాలు లెక్కపెట్టే పందెం వద్దు. మావాడు మూడుసార్లు మొదటికొచ్చాడు.

ఓడినవాడిదే చాయ్, సర్వపిండి. మానేసిన ఇద్దరూ మళ్లీ వస్తున్నారు, ఒకడు ఆలస్యంగానే అనుకోండి.