వరంగల్ నుంచి విమాన ప్రయాణం: టికెట్లు, గదులు తక్కువ ధరకు తీసుకోవడం ఎలా?

నిరుడు అమ్మానాన్నలను కాశీకి తీసుకెళ్లేటప్పుడు, అన్నిటికన్నా చవకగా కనిపించిందని తెల్లవారుజాము విమానానికి టికెట్లు తీశాను. ఆ వేళకు హనుమకొండ నుంచి షంషాబాద్ చేరాలంటే అర్ధరాత్రి కారు మాట్లాడుకోక తప్పలేదు. టికెట్టులో మిగిలిన డబ్బుకు మించి కారుకే ఖర్చయింది. పైగా పెద్దవాళ్లకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను: లెక్క విమానాశ్రయం నుంచి కాదు, మీ ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టండి.

మొదట కాగితం మీద లెక్క వేయండి. కారు, బస్సు, తిండి, అవసరమైతే హైదరాబాదులో ఒక రాత్రి బస, అన్నీ రాయండి. మధ్యాహ్నం విమానమైతే పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి విమానాశ్రయానికి నడిచే ఆర్టీసీ పుష్పక్ బస్సులో వెళ్లవచ్చు. టికెట్ వెయ్యి రూపాయలు ఎక్కువైనా మొత్తం మీద అదే చవక కావచ్చు. రైలునూ పక్కన పెట్టి చూడండి. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట మీదుగానే వెళుతుంది, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే కాశీ దగ్గరే. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. రైళ్లలో వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

విమానం టికెట్‌ను ముందు ఒక్కరికే వెతకండి. చాలామందికి తెలియని కిటుకు ఇదే. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. చవక మెట్టులో కొన్ని, ఆ పై మెట్టులో కొన్ని పెడతారు. నలుగురికి కలిపి అడిగినప్పుడు కింది మెట్టులో రెండే మిగిలి ఉంటే, సాధారణంగా నలుగురికీ పై ధరే చూపిస్తుంది. ఉదాహరణకు కింది ధర 5,000, పై ధర 6,200 అనుకుందాం. నలుగురికీ ఒకేసారి తీస్తే 24,800 రూపాయలు. ఇద్దరిద్దరుగా తీస్తే 22,400. అంటే 2,400 మిగిలినట్టే. అయితే టికెట్లు రెండుగా విడిపోతాయి. తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా రెండుసార్లు చేసుకోవాలి. పిల్లలను, వృద్ధులను తోడుండే మనిషి టికెట్‌లోనే ఉంచండి.

వృద్ధులకు, విద్యార్థులకు, సైనికులకు కొన్ని విమాన సంస్థలు ప్రత్యేక ధరలు ఇస్తాయి. ఆ తగ్గింపు మూల ధర మీదే తప్ప పన్నుల మీద ఉండదు. ఒక్కోసారి మామూలు టికెట్టే అంతకన్నా చవకగా దొరుకుతుంది. రెండూ చూడండి, గుర్తింపు కార్డు మాత్రం మరచిపోవద్దు. శుక్ర, ఆదివారాలు వదిలి వారం మధ్యలో వెళ్లగలిగితే సాధారణంగా ధర తగ్గుతుంది.

టికెట్లు అమ్మే యాప్‌లో డబ్బు కట్టే చివరి పేజీ దగ్గర తొందర పడకండి. “12 శాతం తగ్గింపు” అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, “గరిష్ఠంగా 1,500 రూపాయలు” అని కింద చిన్నగా ఉంటుంది. 20,000 బిల్లు మీద 2,400 తగ్గుతుందనుకుంటే 1,500 దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ ఒక్కొక్కరికీ యాప్ సేవా రుసుము కలిపితే మిగిలేది ఇంకా తక్కువ. అదే టికెట్ విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఎంతకు వస్తోందో చూసి, చివరి మొత్తాలనే పోల్చండి. బీమా, విరాళం వంటివి మీరు అడగకుండానే బిల్లులో చేరి ఉంటే తీసేయండి. అలా చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులోనే నిషేధించింది. ఫిర్యాదు చేయడానికి 1915 నంబరు ఉంది.

గది కోసం హోటల్‌కే ఫోన్ చేయండి. యాప్ ద్వారా అమ్ముడైన గదికి హోటల్ కమీషన్ కట్టుకోవాలి. “యాప్‌లో పన్నులతో కలిపి ఇంత చూపిస్తోంది, నేరుగా తీసుకుంటే ఎంతకిస్తారు?” అని మర్యాదగా అడగండి. ధర తగ్గించకపోయినా ఉదయం టిఫిన్ కలిపి ఇవ్వవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదుల మీద జీఎస్టీ 5 శాతమే, బిల్లులో అంతకన్నా ఎక్కువ వేస్తే అడగండి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని ముందే పట్టి ఉంచి, ప్రయాణానికి వారం ముందు ధర మళ్లీ చూడండి. తగ్గితే కొత్తది తీసుకుని పాతది రద్దు చేయవచ్చు.

మన ఊరికి వచ్చే చుట్టాలకూ ఇదే పద్ధతి. పెళ్లికి ఐదారు గదులు కావాలంటే యాప్‌లో విడివిడిగా తీసుకోకుండా మేనేజరుతో మాట్లాడి ఒకే ధర కుదుర్చుకోండి. హనుమకొండలో పర్యాటక శాఖ వారి హరిత కాకతీయనూ అడిగి చూడండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో మాత్రం తగ్గింపు కోసం ఎదురు చూడకండి, తేదీలు ప్రకటించిన వెంటనే గది తీసుకోండి.