ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్‌లో దారి, ఎత్తు ఎలా నిర్ణయించుకోవాలి?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. అందువల్ల సొంత ఊరిని పైనుంచి చూడదలచిన సిమ్యులేటర్ పైలట్ తిరుపతి, చెన్నై, కడప, విజయవాడలలో ఏదో ఒక చోటి నుంచి బయలుదేరవలసి ఉంటుంది. ఇక్కడ ఉదాహరణగా తిరుపతి నుంచి విజయవాడకు సెస్నా 172 అనే చిన్న విమానంలో వెళ్లే ప్రయాణాన్ని తీసుకుందాం.

మొదట దారి. రెండు విమానాశ్రయాలను ఎంచుకోగానే సిమ్యులేటర్ వాటి మధ్య సుమారు 190 నాటికల్ మైళ్ల సరళరేఖను గీస్తుంది. చాలామంది ఆ గీతనే ప్రణాళికగా భావించి వెంటనే బయలుదేరుతారు గానీ, దాని కింద ఏముందో మ్యాప్‌ను పెద్దది చేసి ఆసాంతం చూడటం అవసరం. ఈ గీత కావలి దాటిన తరువాత సముద్రం మీదికి వెళ్లి, తిరిగి చీరాల ప్రాంతంలో గానీ ఒడ్డుకు చేరదు. ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో ఇది అనవసరమైన సాహసం. నెల్లూరు, ఒంగోలు పట్టణాలను వేపాయింట్లుగా, అంటే దారి మధ్యలో దాటవలసిన గుర్తులుగా, చేర్చితే దారి నేల మీదనే సాగుతుంది, పెరిగే దూరం ఐదారు మైళ్లే. ఈ పని లిటిల్ నావ్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సులభం. బయలుదేరే చోటు చెన్నై అయితే సరళరేఖ శ్రీహరికోట పక్కనే పోతుంది. రాకెట్ కేంద్రం మీది గగనతల ఆంక్షలను సిమ్యులేటర్ అమలు చేయకపోయినా, పడమరగా తప్పుకొని వెళ్లడమే పద్ధతి.

తరువాత ఎత్తు. దీనిని రెండు విషయాలు నిర్ణయిస్తాయి: విమానం వెళ్లే దిశ, కింద ఉన్న నేల. అయస్కాంత దిశ (దిక్సూచి చూపే దిశ) 0 నుంచి 179 డిగ్రీల మధ్య ఉంటే బేసి వేలకు 500 కలిపి 3,500 లేదా 5,500 అడుగులలోనూ, 180 నుంచి 359 మధ్య ఉంటే సరి వేలకు 500 కలిపి 4,500 లేదా 6,500 అడుగులలోనూ ఎగరాలి. కంటిచూపుతో నడిపే విమానాలకు వర్తించే ఈ నియమం ఎదురెదురుగా వచ్చే విమానాలను వేర్వేరు ఎత్తులలో ఉంచుతుంది. మన దారిలోని మూడు భాగాలూ ఉత్తరానికి కొంచెం తూర్పుగానే సాగుతాయి కాబట్టి 5,500 సరిపోతుంది. అయితే నెల్లూరు–ఒంగోలు భాగం దాదాపు నేరుగా ఉత్తరం. అక్కడ వేపాయింటును కాస్త పడమరకు జరిపితే దిశ 359కి మారి, లెక్క తలకిందులవుతుంది.

నేల సంగతి కోస్తాలో పెద్దగా ఇబ్బంది పెట్టదు గానీ, పడమటి వైపు తిరిగితే అదే ముఖ్యమవుతుంది. ఒంగోలు నుంచి కడపకు గీసిన గీత దాదాపు ఉదయగిరి దుర్గం మీదుగానే పోతుంది. ఆ కొండ ఎత్తు 3,079 అడుగులు. దిశ సుమారు 231 డిగ్రీలు కనుక నియమం ప్రకారం 4,500 చెల్లుతుంది, కానీ కొండకూ విమానానికీ మధ్య 1,400 అడుగులే మిగులుతాయి. కొండ ప్రాంతాలలో కనీసం 2,000 అడుగుల ఎడం పాటించడం మంచిది కాబట్టి 6,500కు ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో 5,500 చాలు. ఎత్తును దిశ చూసి ఎంచుకొని, కొండను చూసి సరిదిద్దుకోవాలి.

జెట్ విమానాలకు బేసి, సరి పద్ధతి ఉన్నా 500 కలపరు. చెన్నై నుంచి హైదరాబాద్‌కు ఆత్మకూరు పరిసరాల మీదుగా వెళ్లే ఎయిర్‌బస్‌కు 32,000 లేదా 34,000 అడుగులు పెట్టవచ్చు. వీటి ప్రణాళికకు సింబ్రీఫ్ అనే వెబ్‌సైట్ చాలు.

ఇంధనం. దాదాపు 195 మైళ్లను 115 నాట్ల (గంటకు 115 నాటికల్ మైళ్ల) వేగంతో దాటడానికి గంటా నలభై నిమిషాలకు పైగా పడుతుంది. గంటకు 9 గ్యాలన్ల చొప్పున 16, పైకెక్కడానికి 3, ముప్పావు గంట నిల్వగా 7, మొత్తం 26 గ్యాలన్లు. ఎదురుగాలి ఉంటే ఇంకొన్ని కలపాలి.

చివరగా దిగడం. కొత్తవారు ఎక్కువగా ఆలస్యం చేసేది ఇక్కడే. విజయవాడ దగ్గర 1,000 అడుగులకు చేరాలంటే 4,500 అడుగులు దిగాలి. నిమిషానికి 500 అడుగుల చొప్పున 9 నిమిషాలు, అంటే 120 నాట్ల వేగంలో 18 మైళ్లు. ఒంగోలు నుంచి వచ్చే దారిలో రన్‌వేకు దాదాపు 20 మైళ్ల ముందు తెనాలి వస్తుంది, అది కనిపించగానే పవర్ తగ్గించి దిగడం మొదలుపెట్టాలి.