కోరంగి బోటు ముందు, తాటికల్లు తర్వాత

కోరంగి మడ అడవుల్లో బోటు ఎక్కాలంటే ముందురోజే పోటు (సముద్రపు నీరు పైకెక్కే సమయం) ఎన్నింటికో కనుక్కోండి. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైం ఇవాళ పనికిరాదు. పాటులో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, పాయలు బురద తేలిపోతాయి, బోటు లోపలికి వెళ్ళదు. పోటు మీద వెళ్తే మడ కొమ్మల కిందనుంచే సాగిపోవచ్చు, ఎంత బాగుంటుందో!

తాటికల్లు మాత్రం ఒడ్డుకొచ్చాకే, బోటులో అస్సలు వద్దు. చెట్టుని పొద్దున, సాయంత్రం రెండుపూటలా గీస్తారు. అప్పుడే దించింది తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి మత్తు పెరుగుతుంది. అందుకే నేను సాయంత్రం దించేదాకా ఆగుతాను, అదీ చెట్టు కిందే. మత్తు వద్దనుకునేవాళ్ళు సున్నం పూసిన కుండలో పట్టిన నీరా (పులియని తాటి రసం) అడగండి. డ్రైవింగ్ ఇంకొకరికి ఇచ్చేయండి.