ఎస్ఎస్ఓ తప్పనిసరి చేసేముందు ఒక తాళంచెవి పక్కన పెట్టుకోండి

మా ఆఫీసు గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి అందరూ ఆఫీసు మెయిల్‌తోనే వెళ్లేలా ఎస్ఎస్ఓ (సింగిల్ సైన్-ఆన్, అంటే ఒకే లాగిన్‌తో అన్ని సాఫ్ట్‌వేర్లలోకి వెళ్లే పద్ధతి) పెట్టి, "అందరికీ తప్పనిసరి" ఆన్ చేశాం. అంతే, అడ్మిన్‌తో సహా అందరం బయటే. మార్చి నెల, బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, బిల్లు కొట్టే దారి లేదు. ఆ టెన్షన్ మీకు వద్దు.

కారణం చిన్నదే. సాఫ్ట్‌వేర్‌లో యూజర్ పేర్లు ఉద్యోగి నంబర్లు, లాగిన్ సర్వర్ పంపేదేమో మెయిల్ ఐడీ. శామ్ల్ (SAML, లాగిన్ సర్వర్, సాఫ్ట్‌వేర్ మాట్లాడుకునే పద్ధతి) సెట్టింగుల్లో "నేమ్ ఐడీ" అనే గడి ఉంటుంది, లాగిన్ అయ్యేది ఎవరో చెప్పేది అదే. రెండు వైపులా అక్షరం పొల్లుపోకుండా అక్కడ కలవాలి.

అందుకే ఒక అడ్మిన్ ఖాతాను ఎస్ఎస్ఓకి బయట, గట్టి పాస్‌వర్డ్, ఓటీపీ యాప్‌తో ఉంచండి. మీరు లాగిన్ అయి ఉన్న విండో మూయకండి. ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్ ప్రైవేట్ విండోలో) ఒక్కరితో పరీక్షించి, అప్పుడే తప్పనిసరి చేయండి. లాగిన్ సర్వర్ సంతకానికి వాడే సర్టిఫికెట్ గడువు తేదీని కూడా ఇద్దరి క్యాలెండర్లలో ఒక నెల ముందే వేసుకోండి. మైక్రోసాఫ్ట్ వారి లాగిన్ సేవ ఎంట్రాలో మామూలుగా అది 3 ఏళ్లు; అప్పటికి పెట్టినవాళ్లు ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు.