తుప్పుతో అతుక్కున్న క్లచ్‌ను విడిపించాను

మూడేళ్లు షెడ్డులో కదలని మా పాత జీపు ఇంజన్ స్టార్టయింది. కానీ క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడలేదు, కరకరమని పళ్లు రాసుకున్న చప్పుడు. పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే మీట, అంటే ఫోర్కు, కింద కదులుతూనే ఉంది. అంటే తేమకు ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) తుప్పుపట్టి, క్లచ్ ప్లేటు దానికి అతుక్కుపోయిందన్నమాట. గేర్‌బాక్స్ దించడానికి మనసొప్పలేదు.

పెడల్ తొక్కి, సీటుకూ దానికీ మధ్య కర్రముక్క బిగించి రాత్రంతా వదిలేశాను. ఫలితం లేదు.

మర్నాడు ముందుగా బ్రేకులు సరిచూశాను. ఇంజన్‌ను బాగా వేడెక్కించి ఆపాను. ఎదుట ఎవరూ లేని ఖాళీ స్థలంలో రెండో గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి స్టార్ట్ చేశాను. బండి కుదుపుతో కదిలింది. యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ, మధ్యమధ్య బ్రేకు వేశాను. నాలుగోసారికి టప్పుమని శబ్దం! బండి ఆగింది, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఎంత హాయనిపించిందో!

లోపలికి తుప్పు వదిలించే నూనె మాత్రం కొట్టకండి. ప్లేటు మీద పట్టునిచ్చే పొర (లైనింగ్) తడిస్తే ఆ తర్వాత క్లచ్ జారుతుంది.