రోహిణి కార్తె రాకముందే: షుగరు ఉన్నవారికి ఎండాకాలం జాగ్రత్తలు

కిందటి వేసవిలో అమ్మ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే చూశాను, రెండు అరికాళ్ల నిండా నీటి బొబ్బలు. మిట్టమధ్యాహ్నం రాతి బండల మీద ఉత్తకాళ్లతో నడిచిన మనిషికి చురుక్కుమనైనా అనిపించలేదట. పద్దెనిమిదేళ్ల షుగరు పాదాల్లో నరాలను ఎంత మొద్దుబార్చిందో మాకు తెలిసింది ఆ రోజే. ఆ పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే రోళ్లు పగిలే ఎండలు రాకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎండాకాలంలో షుగరు ఉన్నవారికి ఒంటి గుర్తులన్నీ కలగాపులగమైపోతాయి. దాహం వేస్తే ఎండ వల్ల అనుకుంటాం, రక్తంలో చక్కెర పెరిగినా దాహమే వేస్తుంది. పైగా పెరిగిన చక్కెర మూత్రం రూపంలో నీటిని బయటికి తోడేస్తుంది కాబట్టి ఒళ్లు ఇంకా త్వరగా ఎండిపోతుంది. చెమటలు పట్టి కాళ్లూ చేతులూ వణికితే ఉక్కపోత అనుకుంటాం, చక్కెర పడిపోయినా అచ్చం అలాగే ఉంటుంది. కాబట్టి ఊహించుకోవద్దు, గ్లూకోమీటరు తీసి చూసుకోండి.

70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. చెమటలు, వణుకు ఉండి మీటరు దగ్గర లేకపోతే చక్కెర పడిపోయిందనే అనుకుని తాగేయండి, ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రమాదం. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

మీటరు కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది. మామిడిపండు కోసిన చేతులతో పరీక్ష చేసుకుంటే వేలికి అంటిన రసం వల్ల అంకె ఎక్కడికో పోతుంది. అది చూసి ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. సబ్బుతో కడిగి, ఆరాక గుచ్చుకోండి.

మామిడిపండు అసలే వద్దని నేను అనను. ఏడాదంతా ఎదురుచూసిన బంగినపల్లిని ఎదుట పెట్టి వద్దంటే ఎవరూ వినరు, చాటుగా తింటారు. 100 గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నాలుగు ముక్కలు తినాలనుకుంటే ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించండి. భోజనం పూర్తయ్యాక పైనుంచి తినడం, రసం తీసి తాగడం మానండి. బెల్లం వేసిన రాగిజావ కూడా తీపి కిందే లెక్క. ఉప్పు వేసిన అంబలి, పల్చటి మజ్జిగ మేలు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు ఉప్పు, నీళ్లు, కొబ్బరినీళ్లు ఎంతవరకు తీసుకోవచ్చో డాక్టరును అడగాలి.

విరేచనాలు పట్టుకుంటే తీపి ఉంటుందని ఓఆర్ఎస్ మానేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాల సంగతి వేరు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాటి మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల దుకాణంలో పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి.

ఇక ఇన్సులిన్. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టండి గానీ ఐసు గదికి ఆనించవద్దు, ఒకసారి గడ్డకట్టింది ఇక పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను తడవకుండా దానిలో ఉంచి నీడలో, గాలి తగిలే చోట పెట్టుకోవచ్చు. కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ అంతగా చల్లబడదు. అక్కడ పక్కింటి ఫ్రిజ్ అడగడానికి మొహమాటపడకండి. బండి డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో ఇన్సులిన్ గానీ స్ట్రిప్పులు గానీ వదిలేయవద్దు.

మూత్రం ద్వారా చక్కెరను పంపే మాత్రలు, డపాగ్లిఫ్లోజిన్ లాంటివి, వాడేవారు వేసవికి ముందే డాక్టరును కలిసి, వాంతులు, విరేచనాలు అయిన రోజున ఏ మాత్ర ఆపాలో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవాలి. మెట్‌ఫార్మిన్, బీపీ మందుల గురించీ అప్పుడే అడగండి.

అమ్మ ఇప్పుడు తెల్లవారుజామునే, బండలు చల్లగా ఉండగా గుడికి వెళ్లి వస్తోంది. ఇంట్లోనూ చెప్పులు వేసుకునే తిరుగుతుంది. రాత్రి పడుకునే ముందు నేల మీద చిన్న అద్దం పెట్టి, దానిపైన పాదం పట్టి, వేళ్ల సందులతో సహా చూసుకుంటుంది. నడక ఉదయం ఏడులోపే. పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటదు.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోపు షుగరు కూడా చూసి, ఆ అంకె వాళ్లకు చెప్పండి.