చేతులతో నేర్చుకుందాం – 3వ భాగం: ట్యాంకు నిండగానే మోగే బజర్

పోయిన భాగంలో ఇంట్లోవాళ్లని అడిగి సమస్యను ఒక్క వాక్యంలో రాసుకున్నాం: 'మోటారు వేసి మర్చిపోతున్నాం, ట్యాంకు పొంగి నీళ్లు వృథాగా పోతున్నాయి.' ఈసారి దానికి సర్క్యూట్ కడదాం.

బీసీ547 ట్రాన్సిస్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుకి దారి తెరిచే మూడు కాళ్ల భాగం) ఒకటి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ (కరెంటుని తగ్గించే భాగం; గోధుమ, నలుపు, ఎరుపు చారలు ఉంటాయి), బ్యాటరీకి తగిలిస్తే దానంతటదే మోగే చిన్న బజర్, 9 వోల్టుల బ్యాటరీ, బ్రెడ్‌బోర్డ్ (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే రంధ్రాల పలక), కొన్ని వైర్లు కావాలి. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే ఇవి చాలావరకు అక్కడే దొరుకుతాయి. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన ఆ ల్యాబులు 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసమే. తాళం తీయమని టీచర్‌ని అడగడానికి మొహమాటపడకండి.

ట్రాన్సిస్టర్ చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. మూడు కాళ్లనీ బ్రెడ్‌బోర్డ్‌లో మూడు వేరువేరు వరసల్లో గుచ్చండి. ఎమిటర్‌ని బ్యాటరీ మైనస్‌కి కలపండి. బజర్ ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది కలెక్టర్‌కి. బేస్‌కి రెసిస్టర్, దాని రెండో చివర నుంచి ఒక పొడవాటి వైరు. బ్యాటరీ ప్లస్ నుంచి ఇంకో పొడవాటి వైరు. నీళ్లలోకి వెళ్లేవి ఈ రెండే.

ఒక వరసలోని ఐదు రంధ్రాలూ లోపల కలిసే ఉంటాయి. రెసిస్టర్ రెండు కాళ్లూ ఒకే వరసలో గుచ్చితే అది ఉన్నా లేనట్టే. అప్పుడు పొడవాటి వైర్లు ఒకదానికొకటి తగిలితే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

కుళాయి నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి వాటిగుండా కొంచెం కరెంటు పారుతుంది. బజర్ మోగడానికి అది చాలదు. కానీ అదే కరెంటు బేస్‌లోకి వెళ్తే, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి దానికి వంద రెట్లకు పైగా పారేలా ట్రాన్సిస్టర్ దారి తెరుస్తుంది. గ్లాసులో బోరు నీళ్లు ఒకసారి, ఆర్వో నీళ్లు ఒకసారి పోసి వైర్లు ముంచి వినండి, తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు ఐస్‌క్రీమ్ పుల్లకి రెండు వైర్లూ అతికించి బకెట్‌లో వేలాడదీశారు. నీళ్లు తగలగానే బజర్ మోగింది, చప్పట్లు కొట్టారు. నీళ్లు తోడేశాక కూడా మోగుతూనే ఉంది. ట్రాన్సిస్టర్ మార్చారు, బ్యాటరీ మార్చారు, లాభం లేదు. చివరికి ఒకమ్మాయి పుల్లని చున్నీతో గట్టిగా పిండినట్టు తుడిచింది. బజర్ గొంతు సన్నబడింది. తడిసిన చెక్కే రెండు వైర్లనీ కలుపుతోంది! పుల్ల తీసేసి వైర్లని విడిగా వేలాడదీశారు. తొడుగు అలాగే ఉంచి కొసలు మాత్రం అర సెంటీమీటరు ఒలిచారు, మధ్య ఒక సెంటీమీటరు ఎడం. అంతే, సరిపోయింది. వాళ్లని నేను ముందే హెచ్చరించి ఉంటే ఆ పావుగంట మిగిలేది కానీ, తడి ఎక్కడెక్కడ నిలుస్తుందో వెతికే చూపు వాళ్లకి వచ్చేది కాదు.

అందుకే ఇప్పుడే సోల్డరింగ్ (లోహం కరిగించి వైర్లని అతికించడం) చెయ్యొద్దు. బ్రెడ్‌బోర్డ్ మీదైతే తప్పు దిద్దుకోవడం ఒక్క వైరు పీకినంత పని. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాయండి. మోటారు స్టార్టర్ జోలికి, ఇంటి కరెంటు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. మన పని 9 వోల్టుల బ్యాటరీతోనే.

వచ్చే భాగానికి ఇంటి పని: బకెట్‌ని పదిసార్లు నింపి, ఖాళీ చేసి, ఎన్నిసార్లు మోగింది, ఎన్నిసార్లు వెంటనే ఆగింది రాసుకోండి. ఆ నీళ్లు మొక్కలకి పోయండి. ఆ తర్వాత వైర్లని రెండు రోజులు నీళ్లలోనే ఉంచి, ప్లస్ వైపు రాగి కొసని చూడండి. దాని రంగు ఎలా మారిందో రాసి పెట్టుకోండి, నాలుగో భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.